గరిటెడు ఆమ్టీ, గంపెడు పరువు

మొన్న శనివారం మా అపార్ట్‌మెంట్‌లో ఏం జరిగిందో చెప్తాను. ముందే ఒక షరతు. ఎవరూ ఫోన్ బయటికి తీయకూడదు. టేబుల్ మీద బోర్లా పెట్టినవాళ్లు కూడా జేబులో పెట్టేయండి, నాకు ఇప్పుడు ఫోన్ చూస్తేనే గుండె దడ. నవ్వడానికి మాత్రం పర్మిషన్ ఉంది. ఇవ్వకపోయినా మీరు ఆగరు కదా!

ఒక్క ముక్కలో చెప్పాలంటే, పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు వాళ్లమ్మ ముందు గరిటె పట్టుకుని నిలబడి, ఎవరూ ఎప్పుడూ అనకూడని మాట అనేశాను. పోనీ ఆ పెళ్లిచూపులు నావా అంటే, అదీ కాదు!

సరే, మొదట్నుంచీ వస్తా.

మా రూమ్మేట్ ఋజుత మీకు తెలుసుగా. సాతారా పిల్ల. ఇర్వింగ్‌లో ఇద్దరం ఒకే అపార్ట్‌మెంట్, ఆఫీసులు వేరు. తను నెమ్మది. నేను... నా సంగతి చెప్పేదేముంది, చేతులు ఊరుకోవు. ఎవరి వీడియో కనబడినా కింద తిక్క సబ్‌టైటిల్స్ వేయకపోతే నాకు అన్నం సహించదు. మా మేనేజర్ ఫేర్‌వెల్ స్పీచ్‌కి వేసిన సబ్‌టైటిల్స్ ఇప్పటికీ ఆఫీస్‌లో తిరుగుతున్నాయి. ఆయన కూడా నవ్వాడు. పైకైతే నవ్వాడు.

ఈ మధ్య ఋజుత వాళ్లమ్మ ఇండియా నుంచి వచ్చారు. వచ్చిన రోజే వంట మొదలుపెట్టేశారు. ఆవిడకి తెలుగు రాదు, నాకు మరాఠీ రాదు, మధ్యలో నా హిందీ ఉంది గానీ అది ఉన్నా లేనట్టే. మొదటి రోజు భోజనానికి కూర్చున్నాం. అన్నంలో ఏదో పప్పులాంటిది వేశారు. ఒక ముద్ద తిన్నానో లేదో, ప్రాణం లేచొచ్చింది. కొంచెం పులుపు, కొంచెం బెల్లం, ఏదో కమ్మటి మసాలా.

"ఆంటీ, సూపర్!" అన్నాను.

నా కంచంలో ఇంకో గరిటె పడింది.

"అయ్యో ఆంటీ, చాలు!"

మళ్లీ గరిటె.

"ఆంటీ! ఆంటీ!" అంటూ చేయి అడ్డం పెట్టాను. చేతి పక్కనుంచి పోసేశారు. నా అన్నం చెరువులో మునిగిన పొలంలా ఉంది. ఋజుత నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారిపోయింది.

"లహరీ, అది ఆమ్టీ! మా పప్పు పేరు ఆమ్టీ! నువ్వు 'ఆంటీ' అన్నప్పుడల్లా మా ఆయీ, అదే మా అమ్మ, 'పాపం, పిల్లకి ఆమ్టీ కావాలట' అనుకుంటోంది. మా భాషలో ఆంటీని కాకూ అంటారు, అలా పిలువు, బతికిపోతావ్."

ఆవిడ కూడా నవ్వేసి "వేడీ!" అన్నారు నన్ను చూసి. వేడిగా ఉందేమో అనుకుని నేను పప్పుని ఉఫ్ ఉఫ్ అని ఊదాను. ఋజుత ఈసారి టేబుల్ కిందికే వెళ్లిపోయింది. మరాఠీలో 'వేడీ' అంటే పిచ్చిదానా అనంట!

ఇలాంటి బంగారు గనిలో నన్ను కూర్చోబెడితే నేనెలా ఊరుకుంటానండీ?

కాకూ ఎవరికి వడ్డించాలన్నా ముందు అడుగుతారు. ఖాళీ కంచం కనబడితే చాలు, గరిటె ఎత్తి, తల కొంచెం పక్కకి వంచి, "ఆమ్టీ వాఢూ కా?" అంటారు. పప్పు వడ్డించనా అని. ఎంత ప్రేమగా అంటారో! కానీ మన చెవి ఉంది చూశారూ, మన దిక్కుమాలిన తెలుగు చెవి, దానికి ఎలా వినపడుతుందో ఒకసారి గబగబా అని చూడండి. ఆమ్టీ వాఢూ కా. ఆమ్టీ వాఢూ కా.

ఆంటీ, వాడు కాదు!

వినపడిందా? ఇక వినపడకుండా ఉండదు. సారీ.

తీశాను ఒక వీడియో. ముఖం రాలేదు, ఆకుపచ్చ గాజుల చెయ్యి, స్టీలు గరిటె, ఆవిడ గొంతు, అంతే. కింద పెద్ద అక్షరాల్లో సబ్‌టైటిల్: "ఆంటీ, వాడు కాదు!" ఋజుతకి చూపించాను. తెలుగు అర్థం చెప్తే పొట్ట పట్టుకుని నవ్వి, "పెట్టెయ్. ఆయీకి మాత్రం చెప్పకు, ఇండియాలో తన భజన గ్రూప్ మొత్తానికి పంపిస్తుంది" అంది. పెట్టేశాను. నా ఫ్రెండ్స్ ఓ పదిమంది చూసి నవ్వుతారు, అయిపోతుంది అనుకున్నాను.

అయిపోలేదు.

వారం తిరిగేసరికి తెలుగువాళ్ల ఫోన్లన్నిట్లో కాకూ గొంతే. మ్యాట్రిమోనీ ఫోటో వస్తే దాని కింద ఈ ఆడియో. కొత్త మేనేజర్ జాయిన్ అయితే ఈ ఆడియో. హెచ్‌వన్‌బీ వీసా లాటరీలో పక్కవాడికి తగిలి మనకి తగలకపోతే, స్టేటస్ పేజ్ స్క్రీన్‌షాట్ మీద గరిటె ఊపుతూ "ఆంటీ, వాడు కాదు!" మరాఠీవాళ్లు కామెంట్లలోకి వచ్చి "పప్పు వడ్డిస్తే మీరంతా ఎందుకురా నవ్వుతున్నారు?" అని అమాయకంగా అడుగుతున్నారు. వాళ్లలో వాళ్లకి మళ్లీ గొడవ, ఆమ్టీలో పులుపుకి చింతపండా, కోకమా అని. మధ్యలో మనవాడొకడు దూరి "ఇది మా పప్పుచారే కదా" అన్నాడు. ఇక చూడండి, ఆ రెండు పక్షాలూ ఏకమై వాణ్ని తిట్టాయి.

నేను మాత్రం కాలర్ ఎగరేసుకుని తిరిగాను. నా రీల్ అండీ! మామూలు విషయమా?

అలాంటి సమయంలో ఒక సాయంత్రం ఋజుత వచ్చి, "వచ్చే శనివారం మనింట్లో కాందే పోహే" అంది.

ఉల్లిపాయలేసిన అటుకుల ఉప్మా. నాకు ప్రాణం. "సూపర్! నేను పైజమాలోనే ఉంటా మరి, పొద్దున్నేగా?" అన్నాను.

"పైజమాలో వస్తే చంపేస్తా. చీర కట్టుకుంటున్నా నేను."

"ఉప్మాకి చీరెందుకే?"

అప్పుడు చెప్పింది. వాళ్లలో పెళ్లిచూపులకి పేరే 'కాందే పోహే' అట! అబ్బాయివాళ్లు వస్తే అమ్మాయి పోహే ప్లేటు తెచ్చి ఇస్తుంది కాబట్టి, ఆ టిఫినే ఫంక్షన్ పేరైపోయింది. అబ్బాయి పేరు అనిరుద్ధ్. ఆస్టిన్‌లో జాబ్. తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన సంబంధం. నెలరోజులుగా ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారట! నేనేమో బాల్కనీలో ఆఫీస్ కాల్స్ అనుకుంటున్నా. ఆఫీస్ కాల్‌లో ఎవరైనా అలా కుండీలో ఆకులు తుంపుకుంటూ మాట్లాడతారా? నాకు బుద్ధి ఉండాలి. మా పుదీనా మొక్క బోడి అయినప్పుడైనా అర్థం కావాలి.

"లహరీ," అంది మెల్లగా, "నాకు ఇతను నచ్చాడు. నిజంగా నచ్చాడు. వాళ్లమ్మగారు కూడా ఇక్కడే ఉన్నారు, ఆవిడా వస్తున్నారు. ఆవిడకి మేం నచ్చితే చాలు."

"నచ్చకేం! సాతారా పిల్ల, సాతారా వంట. వాళ్లది ఎక్కడ? పుణెనా?"

"కాదు, హైదరాబాద్. కాచిగూడ. వాళ్ల తాతల కాలం నుంచీ అక్కడే."

నా చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని కింద పెట్టాను.

"హైదరాబాద్ అంటే... వాళ్లకి తెలుగు..."

"నీకంటే బాగా వచ్చు. అదేంటి, అలా అయిపోయావ్?"

నా బుర్రలో ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి గరిటె ఎత్తింది. పెళ్లికూతురి కన్నతల్లి, సొంత గొంతుతో, స్పష్టమైన తెలుగులో, లక్షలమంది ముందు, పెళ్లికొడుకు గురించి ఏమంటోంది?

వాడు కాదు!

ఋజుతకి కూడా అప్పుడే వెలిగింది. "డిలీట్ చెయ్" అంది. చేశాను. ఏం లాభం? నేను ఒకటి తీసేస్తే రీమిక్స్‌లు వంద ఉన్నాయి. డీజే బీట్‌తో ఒకటి, మృదంగంతో ఒకటి.

ఆ వారం నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఆఫీస్‌లో పొద్దున్న స్టేటస్ కాల్‌లో "లహరీ, ఈ బగ్ నువ్వు తీసుకుంటావా?" అంటే "అది వాళ్లమ్మ చూసుంటుందంటావా?" అన్నాను. అందరూ మ్యూట్‌లోకి వెళ్లిపోయారు. ఆకలి లేదు. ఫోన్ మోగితే భయం. ఋజుత నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా భయం. తిట్టినా బాగుండేది. పొయ్యి దగ్గర నిలబడి, పెదవులు కొరుక్కుంటూ, చీరకి మ్యాచింగ్ బ్లౌజ్ ఉందా లేదా అని అడుగుతుంటే నాకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

సరే, కూర్చుని ఆలోచించాను. వీడియోలో ముఖం లేదు. వాళ్లు రీల్ చూసి ఉన్నా, అది ఈవిడే అని తెలియాలంటే ఏముండాలి? ఆ గాజులు, ఆ గరిటె, ఆ మాట. మూడూ మాయం చేస్తే సరి!

గాజులు సులువే. "కాకూ, శనివారం బంగారువి వేసుకోండి, చీరకి బాగుంటాయి" అని నా వచ్చీరాని హిందీలో అంటే మురిసిపోయి ఒప్పుకున్నారు. గరిటెని తీసుకెళ్లి డిష్‌వాషర్ అడుగున దాచి, డ్రాయర్‌లో ప్లాస్టిక్ గరిటె పెట్టాను. మిగిలింది మాట. ఆమ్టీ ఉంటేనే కదా ఆ మాట! అందుకని మెనూ మీద పడ్డాను.

"కాకూ, పోహే తినేసి వెళ్లిపోతారు కదా?"

"పోహే తిని వెళ్లడమేంటి? అంత దూరం నుంచి వస్తుంటే! భోజనం చేసే వెళ్తారు."

"అయితే నేను సాంబార్ చేస్తా!"

"చెయ్యమ్మా. ఆమ్టీతో పాటు అదీ ఉంటుంది."

నేను తగ్గుతానా? శుక్రవారం కందిపప్పు డబ్బా మొత్తం తీసుకెళ్లి నా కారు డిక్కీలో పెట్టేశాను. శనివారం పొద్దున్న వంటింట్లోంచి ఘుమఘుమలు. వెళ్లి చూస్తే పొయ్యి మీద ఆమ్టీ కుతకుత ఉడుకుతోంది!

"కాకూ, కందిపప్పు...?"

"కనబడలేదు. ఏ ఎలక ఎత్తుకెళ్లిందో ఏంటో. పెసరపప్పుతో చేశా. ఏ పప్పుతోనైనా ఆమ్టీ అవుతుంది, వేడీ!" అన్నారు. ఈసారి నేను ఊదలేదు. పక్కనే డిష్‌వాషర్ తలుపు తెరిచి ఉంది. ఆవిడ చేతిలో స్టీలు గరిటె మెరుస్తోంది.

వచ్చారు. ఆస్టిన్ నుంచి థర్టీఫైవ్ హైవే మీద ట్రాఫిక్ తిట్టుకుంటూ వచ్చారు. అనిరుద్ధ్ పొడుగ్గా, ముఖం నిండా నవ్వుతో ఉన్నాడు. వాళ్లమ్మగారు వసుధ గారు నూలు చీర, కళ్లజోడు, రిటైరైన లెక్కల టీచరట. ఆ చూపు చూస్తేనే హోంవర్క్ చేయలేదని గుర్తొచ్చేలా ఉంది. ఋజుత ఫోన్‌ని టిష్యూ బాక్స్‌కి ఆనించి టీవీ పక్కన పెట్టింది, సాతారాలో వాళ్ల నాన్నగారు తర్వాత వీడియో చూసుకుంటారని.

పోహే గండం గడిచింది. అందరూ మరాఠీలోనే మాట్లాడుకుంటున్నారు. ఒక్క తెలుగు ముక్క లేదు. నాకు కాస్త ఊపిరి ఆడింది. అంతలో అనిరుద్ధ్ నా వైపు తిరిగి, "మీరు తెలుగా? ఎక్కడ మీది?" అన్నాడు.

"ఖమ్మం" అన్నాను. "కానీ తెలుగు అంతగా రాదు."

ఎందుకన్నానో నాకే తెలీదు. ఖమ్మంలో పుట్టి తెలుగు రాకపోవడమేంటో అతనికీ అర్థం కాలేదు. పాపం, ఇంకేం అడగలేదు.

భోజనాలకి కూర్చున్నారు. వసుధ గారి కంచంలో అన్నం పడింది. కాకూ గిన్నె పట్టుకుని ఆవిడ పక్కకి వచ్చారు. గరిటె పైకి లేచింది. తల పక్కకి వంగింది. నోరు తెరుచుకుంది.

"ఆమ్..."

ఒక్క గెంతు గెంతాను. "కాకూ! మీరు కూర్చోండి! మీరు పెద్దవాళ్లు! నేను వడ్డిస్తా!" గిన్నె లాక్కున్నాను, గరిటె లాక్కున్నాను. ఋజుత కుర్చీలో కళ్లు మూసుకుని ఏ దేవుణ్నో తలుచుకుంటోంది. నా ప్లాన్ ఏంటంటే, నోరు మూసుకుని పోసేయడం. మాట లేదు, గొడవ లేదు.

గరిటె వంచబోయాను. వెనకనుంచి కాకూ గొంతు, మందలిస్తున్నట్టు:

"అగ, విచారూన్ వాఢ!"

అడిగి వడ్డించమని! అడక్కుండా కంచంలో పోయడం వాళ్ల దగ్గర మర్యాద కాదట. వసుధ గారు తలెత్తి కళ్లజోడులోంచి నన్నే చూస్తున్నారు, నేను ఎప్పుడు అడుగుతానా అని. ఇప్పుడు అడగాలి. మరాఠీలో అడగాలి. నాకు మరాఠీలో వచ్చిన వాక్యమే ఒక్కటి. అదీ సరిగ్గా అనాలి. 'దు' రాకూడదు. చివర్లో 'దు' రాకూడదు, దు రాకూడదు, దు రాకూడదు...

ఆ కంగారులో గరిటె ఎటు తిరిగిందో చూసుకోలేదు. అది ఎదురుగా కూర్చున్న అనిరుద్ధ్ వైపు తిరిగిందట.

నోరు తెరిచాను. గంట కొట్టినట్టు, ఖమ్మం తెలుగులో, వీధి చివరికి వినపడేలా అన్నాను:

"ఆంటీ, వాడు కాదు!"

అనిరుద్ధ్ చేతిలో చపాతీ ముక్క నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఋజుత కళ్లు తెరిచింది, మళ్లీ మూసేసింది. కాకూ ఒక్కరే అయోమయంగా "కాయ్ మ్హణాలీ?" అంటూ, నేనేమన్నానో తెలీక అందరి ముఖాలూ చూస్తున్నారు.

నాకు అర్థమైపోయింది. ఒక పెళ్లి, ఒక స్నేహం, ఒక అపార్ట్‌మెంట్ లీజు, మూడూ ఒక్క గరిటెతో పోయాయి.

వసుధ గారు నెమ్మదిగా మంచినీళ్ల గ్లాసు కింద పెట్టారు. కళ్లజోడు సర్దుకున్నారు. అచ్చమైన కాచిగూడ తెలుగులో అన్నారు:

"వీడు కాకపోతే మరి ఇంకెవడు బిడ్డా? నాకున్నది ఒక్కడే కొడుకు."

అనిరుద్ధ్ ముందు నవ్వాడు. ముక్కులోంచి నవ్వాడు, చపాతీ ఎగిరి సాంబార్‌లో పడింది. ఆ తర్వాత ఆవిడ నవ్వారు, భుజాలు ఊగిపోయేలా. నేను మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను, దింపాలో వద్దో తెలీక.

"గా రీలు మావోడే పంపిండు నాకు," అన్నారు ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "మొన్న మీ కాకూ ఫోన్ చేసి, 'జేవ్లాత్ కా', తిన్నారా అని అడగంగనే గొంతు గుర్తుపట్టిన. మీరందరు కింద రాసింది చదివి నవ్విన్రు. నాకు మరాఠీ వచ్చు కద బిడ్డా, నేను పప్పు వడ్డిస్తనన్నదే విన్న. మా అమ్మ అట్లనే అడిగేది. ఆ గరిటె ఏ ఇంట్లదో ఆ ఇంటికి పోయి తినాలె అని నేనే అన్న. వాడు పోదామంటే కాదు, నేను పోదామంటే వచ్చినం."

అంటే! నేను డిక్కీలో పప్పు దాచి, డిష్‌వాషర్‌లో గరిటె దాచి, ఖమ్మాన్ని మ్యాప్‌లోంచి తుడిచేసి... వాళ్లు ఏ గరిటె కోసం వచ్చారో దాన్నే నేను దాచానన్నమాట!

ఈలోగా ఋజుత వాళ్లమ్మకి మొత్తం మరాఠీలో చెప్పేసింది. ఫోన్‌లో రీమిక్స్ కూడా చూపించింది. కాకూ ముఖం సీరియస్ అయిపోయింది.

"ఇంతమంది చూశారా దీన్ని?" అన్నారు.

"అవును కాకూ. సారీ కాకూ."

"మరి ఒట్టి చెయ్యే పెట్టావేం? ముఖం పెట్టలేదేం?" అన్నారు. "అది కూడా ఆ పాత గాజులతో!"

నా చేతిలోంచి గరిటె తీసుకుని, వసుధ గారి వైపు తిరిగి, తల పక్కకి వంచి, ఎప్పటిలాగే అడిగారు. వసుధ గారు కంచం ముందుకి జరిపారు.

అలా ఋజుత పెళ్లి కుదిరింది. ముహూర్తాలు చూస్తున్నారు. కథ ఇక్కడితో అయిపోతే నేను మీకు ఇంత బెరుగ్గా చెప్పేదాన్నే కాదు, గొప్పలు చెప్పుకునేదాన్ని.

కానీ టీవీ పక్కన, టిష్యూ బాక్స్‌కి ఆనించి, ఒక ఫోన్ ఉంది. గుర్తుందా? నాకైతే గుర్తులేదు. ఋజుతకి ఉంది. నెమ్మదస్తురాలని చెప్పానే, ఆ ఋజుతకి!

ఆదివారం సాయంత్రానికి కొత్త రీల్ వచ్చింది. ఈసారి చెయ్యి ఒక్కటే కాదు, నిలువెత్తు నేను. చెమటలు కారుతూ, కళ్లు పెద్దవి చేసి, పెళ్లికొడుకు మీదికి గరిటె గురిపెట్టి అరుస్తున్న నేను. కింద మరాఠీలో ఎంతో మర్యాదగా సబ్‌టైటిల్: "ఆమ్టీ వాఢూ కా?"

ఇప్పుడు నేను మహారాష్ట్ర మొత్తానికి తెలుసు. నిన్న ఇండియన్ స్టోర్‌లో పప్పుల ర్యాక్ దగ్గర ఎవరో పెద్దావిడ నన్ను ఆపి, కందిపప్పు ప్యాకెట్ చేతిలో పెట్టి సెల్ఫీ తీసుకున్నారు.

అది కూడా భరించాను. అసలు దెబ్బ ఇవాళ పొద్దున్న తగిలింది. మా అమ్మ ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక ఫోటో పెట్టింది: "లహరీ, మంచి సంబంధం వచ్చింది. సియాటిల్ పక్కన బాతెల్‌లో జాబ్. చూసి చెప్పు."

చూశాను. బుద్ధిగా, హుందాగా రిప్లై టైప్ చేస్తున్నా. నేను సెండ్ నొక్కేలోపే ఖమ్మం నుంచి మా బాబాయి ఒక ఆడియో వదిలాడు. దాని కింద అత్తయ్యలు, పిన్నులు, కజిన్స్ అందరూ నవ్వే బొమ్మలు గుప్పించేశారు. ఏంటా అని నొక్కి విన్నాను.

నా గొంతే. "ఆంటీ, వాడు కాదు!"

మా అమ్మ వెంటనే, "సరేలే, నీకు నచ్చకపోతే వద్దని చెప్పేశాను" అని పెట్టేసింది.

అబ్బాయి నిజంగా బాగున్నాడండీ!